నీలం కార్డు వాళ్ళకిచ్చిన టీ

"మా చెల్లెలు మనిషిని చంపే మనిషి కాదండీ" అన్నాడు దర్జీ, తొమ్మిదోసారి. లెక్కపెట్టాను కనుక చెబుతున్నాను. "పన్నెండింటికి కోర్టుకి తీసుకుపోతారట. ఆ వ్యాను ఎక్కిందంటే మళ్ళీ ఎప్పుడు దిగుతుందో ఎవరికి తెలుసు? మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

టైము తొమ్మిదీ నలభై. పన్నెండు కావడానికి రెండు గంటల ఇరవై నిమిషాలుంది. కేసు సంగతంతా బస్సులో అతను చెబుతుంటే విన్నాను. వింటున్నకొద్దీ నాకు తెలిసింది తగ్గిపోతూ వచ్చింది.

మేం దిగింది ఒక క్యాన్సర్ పరిశోధన కేంద్రం ముందు. టీ తాగితే క్యాన్సర్ రాకుండా ఉంటుందా అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని పదకొండేళ్ళుగా కూర్చున్నారు అక్కడ. చుట్టుపక్కల వీధుల వాళ్ళు రెండు వందల నలభై మంది రోజూ పదకొండింటికి వచ్చి ఒక కప్పు తాగి వెళ్తారు. సగం మందికి ఎర్ర కార్డు, సగం మందికి నీలం కార్డు. ఒక కార్డుకి నిజమైన టీ. రెండో కార్డుకి అచ్చం టీలాగే కనపడే ఉత్తుత్తి టీ. కాల్చిన పంచదార, ఏదో చేదు ఆకు కలిపిన పొడి అది. ఏ రంగుకి ఏదో తాగేవాళ్ళకి తెలియకూడదు, కాచేవాళ్ళకి తెలియకూడదు, చివరికి పెద్ద డాక్టరుకి కూడా తెలియకూడదు. తెలిసినవాడు ఒక్కడే, అందరూ లెక్కలాయన అని పిలిచే మనిషి.

ఆ లెక్కలాయన నిన్న సాయంత్రం ఐదున్నరకి తన గదిలో బల్ల మీద తల వాల్చి చచ్చిపడి ఉన్నాడు. ముందర రెండు కప్పులు. పదకొండేళ్ళుగా అక్కడ టీ కాస్తున్న టీ పిన్నిని పోలీసులు ఆరింటికల్లా అదుపులోకి తీసుకున్నారు. దర్జీ ఆవిడకి స్వయానా అన్న. అతనిది నీలం కార్డు.

ఇంత మామూలు కేసులో తికమక పడటానికి ఏముందని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది, మొదటి పావుగంట.

కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు నా బావమరిది. స్వయానా మా ఆవిడ తమ్ముడు. నేను పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు నా చేతికింద పని నేర్చుకున్నాడు. నేను మానేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాక నా కుర్చీలోనే కూర్చున్నాడు. అప్పటినుంచి నేను అవునన్నది అతనికి కాదు, నేను కాదన్నది అతనికి అవును. ఇంటికొస్తే మాత్రం నా పక్కనే కూర్చుని భోంచేస్తాడు.

"పది నిమిషాలు, బావా" అన్నాడు గుమ్మంలోనే. "మా అక్క మొహం చూసి ఇస్తున్నా. పదకొండోది అడిగితే మాత్రం బంధుత్వం మర్చిపోతా."

"మర్చిపోరా బాబూ, నాకూ కాస్త హాయి" అన్నాను.

తాగడానికి వచ్చేవాళ్ళ బరువు చూసే గదిలో కూర్చోబెట్టారు టీ పిన్నిని. యాభై దాటిన మనిషి. చేతులు మోచేతుల దాకా వేడినీళ్ళకి ఎర్రబారి ఉన్నాయి. బరువు చూసే మిషను పక్కన స్టూలు మీద, తనని కూడా ఎవరో తూచబోతున్నట్టు బిగుసుకుని కూర్చుంది. టైము పదీ ఐదు.

"అమ్మా, నిన్న లెక్కలాయనకి కప్పు ఎన్నింటికి ఇచ్చారు?"

"కప్పు ఇవ్వలేదండీ. పొడి ఇచ్చాను."

"పొడా?"

"రెండు పొట్లాలు. ఎర్ర డబ్బాలోంచి చెంచాడు, నీలం డబ్బాలోంచి చెంచాడు. నాలుగూ పదికి ఆయనే వంటగదికి వచ్చి అడిగి పట్టుకెళ్ళారు. కెటిల్ ఆయన గదిలోనే ఉంది."

"ఆయనకి టీ అలవాటేనా?"

ఆవిడ అంత దిగుల్లోనూ నవ్వబోయింది. "ఆయనా? పదకొండేళ్ళలో ఒక్క చుక్క ముట్టలేదు. వేడినీళ్ళు తాగేవారు. నేను టీ తాగితే నా లెక్క టీ వైపు ఒరిగిపోతుంది పిన్నీ అనేవారు."

టీ ముట్టని మనిషి టీ కప్పు ముందు చచ్చిపోయాడు. నా బుర్ర అక్కడే మొదటి మెలిక పడింది.

"మొన్న మీ ఇద్దరికీ గొడవైందట. రేపు పెద్ద డాక్టరుకి చెప్పేస్తా అని ఆయన అరిచాడట. హెడ్ నర్సు విన్నది. ఏం చెప్పేస్తానన్నాడు?"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. ఎంత అడిగినా అంతే. ఒక్కసారి మాత్రం తలెత్తి, "అది చెప్తే ఇంకా మునిగిపోతానండీ" అంది. అమాయకులు ఇలాంటి మాట అంటే నాకు చచ్చేంత భయం. దోషులు ఎప్పుడూ అనరు కనుక.

పది నిమిషాలూ అయిపోయాయి.

లెక్కలాయన గది పక్క వరండాలోనే. బావమరిది తలుపు దగ్గర నిలబడి నా వెనకాలే చూస్తున్నాడు, నేనేదో జేబులో వేసుకుంటానన్నట్టు. బల్ల మీద రెండు తెల్ల పింగాణీ కప్పులు. ఒకదాని అడుగున ఎర్ర చుక్క, రెండోదాని అడుగున నీలం చుక్క. పక్కన కెటిల్, వేడి చూసే థర్మామీటరు, నాలుగు నిమిషాలకి తిప్పి ఉన్న గడియారం, విప్పేసిన రెండు కాగితప్పొట్లాలు.

ఎర్ర కప్పు నిండుగా ఉంది. చల్లారి, పైన పొర కట్టి, అంచు చుట్టూ గోధుమరంగు గీత పడింది. పెదవి తగిలిన గుర్తు లేదు. నీలం కప్పు ఖాళీ. లోపల తెల్లగా మెరుస్తోంది. అడుగున మూడు చుక్కలు.

"విషం దేంట్లో?"

"నీలం దాంట్లో. ఎర్రదాంట్లో ఉత్త టీ" అన్నాడు బావమరిది. "తెల్లపొడి. పై అంతస్తులో ఎలుకలకి గడ్డలు తెప్పించడానికి వాడతారట. కొంచెం కొంచెంగా పెడితే ఎప్పటికో జబ్బు చేస్తుంది. ఒక్కసారే ఇంత పడితే గంటలో ప్రాణం పోతుంది. ఆ కప్పులో ఉన్నది పది మందికి సరిపోయేంత అన్నారు ల్యాబు వాళ్ళు."

"పది మందికా? ఒక్క మనిషిని చంపడానికి పది మంది మోతాదు ఎవరేస్తారురా?"

"కోపమొచ్చిన వాళ్ళు వేస్తారు. బావా, సూటిగా చూడు. ఎలుకల గది ఊడ్చేది ఆవిడ. పొట్లాల మీద వేలిముద్రలు ఆవిడవి. గొడవ పడింది ఆవిడ. ఇంకేం కావాలి నీకు, ఆవిడ వచ్చి సంతకం పెట్టాలా?"

"వంటగది తాళం ఇంకెవరి దగ్గరుంది?"

"రెండోది నర్సుల గదిలో మేకుకి వేలాడుతుంది. ఎవరైనా తీసుకోవచ్చు. కానీ తీసుకున్నట్టు ఎవరూ చూళ్ళేదు."

"చూళ్ళేదంటే తీసుకోలేదనా?"

"నువ్వు చూళ్ళేదని నేను లేనని కాదుగా" అన్నాడు. అది జవాబో ఎదురుప్రశ్నో ఇద్దరికీ తెలియలేదు.

బల్ల సొరుగులో ఒక పెద్ద కాగితం దొరికింది. పదకొండేళ్ళ లెక్క. పేర్లకి బదులు నంబర్లు, జబ్బు వచ్చిన వాళ్ళ నంబర్ల చుట్టూ సున్నాలు. కింద మొత్తం వేశాడు. ఎర్ర కార్డు: ఏడుగురు. నీలం కార్డు: ఏడుగురు. ఆ పక్కన పెన్సిలుతో, కాగితం చిరిగేంత ఒత్తి రాశాడు: "ఇద్దరూ తాగుతున్నారా? ఇద్దరూ తాగడం లేదా?"

చదివి తెల్లమొహం వేశాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ నిమిషానికి నాకు ఏ ముక్కా అర్థం కాలేదు. మూడుసార్లు చదివితే మూడు రకాలుగా కనపడింది.

అప్పుడే పెద్ద డాక్టరు లోపలికొచ్చాడు. పొడుగాటి మనిషి, చేతిలో టీ గ్లాసు. ఆ గ్లాసు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదట. ఆయన వెనకే హెడ్ నర్సు, ఆయన సొంత చెల్లెలు. జుట్టు నెరిసినా నడకలో చురుకుదనం తగ్గలేదు. పెళ్ళీ పెటాకులూ మానుకుని అన్నయ్య పరిశోధనకే అంకితమైపోయిందని బావమరిది నా చెవిలో ఊదాడు.

"డాక్టరుగారూ, ఒక్క మాట. టీ తాగితే క్యాన్సర్ రాదా?"

"రాకపోవచ్చు అంటే మీకు సంతోషం. తెలియదు అంటే నిజం" అన్నాడాయన. "టీ ఆకులో మేలు చేసే పదార్థాలున్నాయి, గాజు గొట్టంలో బాగానే పని చేస్తాయి. ఎలుకల్లో ఒకసారి పని చేస్తాయి, ఒకసారి చెయ్యవు. మనుషుల్లో ఒక ఊరి లెక్క అవునంటే ఇంకో ఊరి లెక్క కాదంటుంది. పైగా మరీ పొగలు కక్కుతూ తాగితే గొంతు కింది గొట్టానికి ముప్పని అనుమానం. అందుకే మేం పోసి, అరవై డిగ్రీలకి దిగాక గంట కొడతాం. గంట కొట్టేదాకా ఎవరూ కప్పు ఎత్తరు. అందరికీ ఒకే వేడి, ఒకే టైము."

"మీ నమ్మకం?"

"తాగేవాళ్ళకి తక్కువ వస్తుందని నేను పుస్తకం రాసి ఇరవై ఏళ్ళయింది. ఈ లెక్క వస్తే దానికి రుజువు దొరికినట్టే."

ఆయన చేతికి కాగితం ఇచ్చాను. చదివాడు. గ్లాసులో టీ తొణికి చొక్కా మీద పడినా గమనించలేదు.

"ఏడూ ఏడూనా? ఇది జరగదు" అన్నాడు. "వచ్చేనెల ఈ లెక్క పదిమందిలో చదవాలి నేను. తప్పు వేశాడు. వయసైపోయింది ఆయనకి."

చెల్లెలు కూడా అన్న భుజం మీదుగా వంగి చూసింది. "సమానమా?" అంది. ఆ ఒక్క మాటే. తర్వాత చేతి గడియారం చూసుకుని, పదకొండింటి కప్పులు సర్దాలంటూ వెళ్ళిపోయింది.

ఇదిగో దొరికాడు అనుకున్నాను. లెక్క ఇలా బయటపడితే పరువు పోయేది పెద్ద డాక్టరుకే. నోరు మూయించడానికి చంపాడు. బ్రహ్మాండంగా అతికింది, ఒక నిమిషం. తర్వాత విడిపోయింది. లెక్క సంగతి ఆయనకి ఇప్పుడే తెలిసింది, ఆ చొక్కా మీది టీ నటన కాదు. పైగా టీ ముట్టని మనిషి చేత టీ తాగించడం పెద్ద డాక్టరు వల్ల మాత్రం ఎలా అవుతుంది? మళ్ళీ మొదటికొచ్చాను.

"పదీ నలభై, బావా" అన్నాడు బావమరిది. "వ్యాను బయల్దేరింది."

వరండాలో దర్జీ ఎదురొచ్చాడు. చేతిలో నీలం కార్డు.

"హాల్లోకి వెళ్తున్నానండీ. పదకొండేళ్ళలో ఒక్క రోజు మానలేదు. ఇవాళ మానితే అన్నకే నమ్మకం లేదంటారు."

"ఇవాళ కూడా పోస్తున్నారా? వంటగదికి సీలు వెయ్యలేదా?"

"వంటగది కెటిల్, ఎర్ర డబ్బా పట్టుకుపోయాం" అన్నాడు వెనకనుంచి బావమరిది. "విషం ఏ కప్పులోదో తేలకముందు, టీపొడి ఇచ్చానని ఆవిడ మొదట ఎర్ర డబ్బానే చూపించింది. నీలం పొట్లంలో విషం తర్వాత కలిపిందనుకున్నాం. పరిశోధన ఒక్క రోజు ఆగినా పాడైపోతుందని డాక్టరు బతిమాలితే నడుపుకోమని రాసిచ్చా. కొత్త ఎర్ర డబ్బా తెప్పించుకున్నారు. హెడ్ నర్సే దగ్గరుండి కాయిస్తోంది, రూలు ప్రకారం."

దర్జీ వెళ్ళిపోయాడు. అతని వెనకే వంటగది ఆయా ట్రేలు మోసుకుపోతోంది. ఒక ట్రేలోంచి నీలం చుక్క కప్పు ఒకటి ఊరికే తీసి చూశాను. కడిగి తుడిచిన కప్పు. కానీ లోపల, అంచుకి అంగుళం కింద, గోరుతో గీకినా పోని గోధుమరంగు గీత.

ఇంకోటి తీశాను. అదే గీత. పది తీశాను. పదింటికీ అదే గీత.

లెక్కలాయన బల్ల మీది నీలం కప్పు తెల్లగా మెరిసింది కదా! అది కొత్త కప్పు, ఒక్కసారి వాడినది, నిజమే. కానీ పక్కన అదే టైముకి కాచిన ఎర్ర కప్పుకి ఒక్క సాయంత్రంలోనే గీత పడింది. కాల్చిన పంచదార నీళ్ళు మరక పెట్టవు. మరక పెట్టేది టీ ఆకు. మరి పదకొండేళ్ళుగా పంచదార నీళ్ళు మాత్రమే పోసిన కప్పులకి ఈ మరక ఎక్కడిది?

ఎర్ర కార్డు వాళ్ళూ, నీలం కార్డు వాళ్ళూ ఇద్దరూ టీయే తాగుతున్నారా, అని పెన్సిలుతో రాసింది అందుకు!

పదీ యాభై రెండుకి బరువుల గదిలోకి పరుగెత్తాను. బావమరిది పదకొండో నిమిషం అంటూ అరుస్తూ వెంటబడ్డాడు. కప్పు టీ పిన్ని చేతిలో పెట్టాను.

"నీలం కార్డు వాళ్ళకి మీరు ఇచ్చింది టీయే కదమ్మా?"

ఆవిడ కప్పు లోపలికి చూసింది. తర్వాత ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది, ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

"మా నాన్న కడుపులో రాచపుండుతో పోయాడండీ. గుక్కెడు నీళ్ళు దిగక పోయాడు. అన్నయ్య ఇక్కడ చేరితే నాకూ పని దొరికింది. మొదటి రోజే వాసన చూస్తే తెలిసిపోయింది, నీలం డబ్బాలోది టీ కాదని. అన్నయ్యది నీలం కార్డు. టీ తాగితే ఆ జబ్బు రాదట అని అందరూ అంటుంటే, నా చేత్తో నేను అన్నయ్యకి వట్టి రంగునీళ్ళు ఎలా పొయ్యనూ?"

"అన్నకి ఒక్కడికీ మార్చొచ్చుగా?"

"పక్కన నిలబడ్డ వాళ్ళు కూడా ఎవరో ఒకరికి అన్నలే కదండీ. వాళ్ళ ఉసురు నాకెందుకు? రెండో డ్రమ్ముకి ఇంటినుంచి టీపొడి తెచ్చి అందరికీ అదే కాశాను. పదకొండేళ్ళూ."

శాస్త్రం ప్రకారం ఆవిడ చేసింది ఘోరం. ఇంతమంది ఇన్నేళ్ళ కష్టం డ్రైనేజీలో పోసింది. అయినా ఆ ఎర్రబారిన చేతులు చూస్తుంటే తిట్టలేకపోయాను.

"లెక్కలాయన మరకలు చూసి కనిపెట్టేశారు. రెండు పొళ్ళూ కాచి, మరక దేనికి పడుతుందో చూసి అప్పుడు డాక్టరుకి చెప్తానన్నారు. దొరికిపోయాక ఇంకా దాచేదేముందని పొట్లాలు కట్టి ఇచ్చేశా."

వెనక చప్పట్లు వినపడ్డాయి. బావమరిది.

"చాలా థాంక్స్ బావా! నిన్నటినుంచి కారణం దొరక్క చస్తున్నా. గుట్టు బయటపెడతాడని చంపింది. నా కేసు నువ్వే పూర్తి చేశావు."

నేను ఆవిణ్ణి కాపాడటానికి వచ్చి నా చేతులతోనే వ్యాను ఎక్కించాను. చెంపలు వాయించుకోవాలనిపించింది. కానీ పది మంది మోతాదు అన్న మాట మాత్రం బుర్రలో ఎక్కడో రాయిలా నలుగుతోంది.

"ఒక్క నిమిషం" అన్నాను. "లెక్కలాయన టీ ఎందుకు తాగలేదో తెలుసు. కానీ నీలం కప్పు తాగాడు. ఎందుకు? అది టీ కాదని ఆయనకి తెలుసు కనుక! ఆయన దృష్టిలో అది ఏమీ లేని వట్టి నీళ్ళు. లెక్క ఒరగదు, తనకి ఏమీ కాదు. రుచి చూద్దామని తాగేశాడు. ఆయన ఏ కప్పు తాగుతాడో, అసలు తాగుతాడో లేదో టీ పిన్నికి తెలిసే దారి లేదు. ఆయన్ని చంపాలనుకున్న మనిషి పొడిలో కలపదురా."

"మరి విషం ఎలా వచ్చింది?"

"అదే తెలియడం లేదు. అమ్మా, నీలం డబ్బాలోంచి రోజూ తీయరు కదా. మళ్ళీ ఎప్పుడు తెరిచారు?"

"నిన్ననే మూత తీశాను. అంతకుముందు తీయలేదు. నెలనెలా వచ్చే నీలం పొట్లం కూడా దాంట్లో పొయ్యకుండా ఇంటికి పట్టుకెళ్ళి పెరట్లో పూడ్చేదాన్ని. డబ్బా మొదటినుంచీ అలాగే ఉంది. పైపైన తుడిచేదాన్ని, అంతే."

"నిన్న తీస్తే ఎలా ఉంది పొడి?"

"పైనంతా తెల్లగా బూజులా కట్టింది. ఇన్నేళ్ళు నిలవున్నది కదా, పాడైపోయిందేమో అనుకున్నా. ఆ పైదే చెంచాతో తీసి ఇచ్చాను, ఎలాగూ మరక చూడటానికేగా అని."

బూజు కాదు! ఎవరో అప్పుడింత, ఇప్పుడింత విషం ఆ డబ్బాలో వేస్తూ వచ్చారు. ఆ పొడి ప్రతిరోజూ నూట ఇరవై మంది నీలం కార్డు వాళ్ళ కడుపుల్లోకి కొంచెం కొంచెంగా వెళ్తోందని నమ్మి వేశారు. నీలం వాళ్ళకి జబ్బు పెరగాలి, ఎర్ర వాళ్ళకి పెరగకూడదు. టీ గెలవాలి. కానీ ఒక్క చెంచా కూడా ఎవరి కడుపులోకీ పోలేదు. ఏళ్ళ తరబడి వేసిన విషమంతా అక్కడే పేరుకుపోయింది. లెక్కలాయన కప్పులో పడింది ఒక్క రోజు మోతాదు కాదు.

ఈవిడ చేసిన ఆ ఒక్క తప్పు లేకపోతే నూట ఇరవై మంది ఈపాటికి ఏమయ్యేవాళ్ళో!

ఆ తర్వాతి ఆలోచన తట్టేసరికి బావమరిది చొక్కా పట్టుకున్నాను. "ఒరేయ్, ఇవాళ నీలం డ్రమ్ము దేంతో కాశారు?"

మొదటిసారి అతను నాతో ఎదురు వాదించలేదు. "డబ్బా మార్చలేదు బావా. పాత నీలం డబ్బానే. రూలు ప్రకారం."

టైము పదకొండూ ఏడు.

హాలుకి నలభై మెట్లు ఎక్కాలి. నా మోకాళ్ళకి అవి నాలుగు వందలు. వెనక బావమరిది, అతని వెనక చెప్పులు లేకుండా టీ పిన్ని. ఆవిణ్ణి ఆపాలని ఏ పోలీసుకీ తట్టలేదు.

హాల్లో పొడుగాటి బెంచీల మీద అందరూ కప్పులు ముందర పెట్టుకుని కూర్చున్నారు. కుళాయిలున్న రెండు పెద్ద స్టీలు డ్రమ్ముల మధ్య హెడ్ నర్సు థర్మామీటరు చూస్తోంది, ఇంకో చేత్తో గంట పట్టుకుని. పెద్ద డాక్టరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎవరూ తాగకండి! నీలం కప్పులు ముట్టకండి!"

రెండు వందల నలభై తలలు నా వైపు తిరిగాయి. ఒగురుస్తూనే చెప్పాను, అందరికీ వినపడేలా. నీలం డబ్బాలో విషం ఉందని, ఏళ్ళ తరబడి ఎవరో వేస్తున్నారని, పదకొండేళ్ళుగా ఆ డబ్బాలోది ఎవరూ తాగలేదని, రెండు కార్డుల వాళ్ళూ తాగింది టీయేనని, అందుకే అంతా అక్కడే పోగుపడి ఉందని, ఇవాళ అదే కాచారని. సగం మందికి అర్థం కాలేదు. వాళ్ళని తప్పుపట్టను, నాకే అర్థం కావడానికి ఆ పొద్దంతా పట్టింది.

"ఏమిటీ గోల?" అన్నాడు పెద్ద డాక్టరు. "వీళ్ళు తాగేది ఏమిటో నాకు తెలియకూడదు, తెలియదు. కానీ రెంటిలోనూ మనిషికి హాని చేసేది ఏదీ లేదని నేను మాటిచ్చాను వీళ్ళకి. నా పదకొండేళ్ళు మీ నోటి మాటకి పోనివ్వను. చూడండి, నేనే తాగుతాను."

పక్కనే ఉన్న దర్జీ ముందునుంచి నీలం కప్పు అందుకుని పెదవుల దాకా ఎత్తాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. అందుకోలేనని తెలుస్తూనే ఉంది.

గంట నేల మీద పడి దొర్లింది. హెడ్ నర్సు రెండు బెంచీలు దాటి వచ్చి అన్నయ్య చేతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. కప్పు గోడకి తగిలి ముక్కలైంది.

"వద్దన్నయ్యా!" అంది. రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుని వదలడం లేదు. "నీలంది టీ కాదని వాసన చూస్తే తెలిసిపోయింది, దాంట్లో నెలకి చిటికెడే వేశాను. ఒక్క చిటికెడు. మూత సందులోంచి వేసి మూసేసేదాన్ని, లోపలికి చూసే ధైర్యం లేక. రోజూ అందరూ తాగేస్తున్నారనుకున్నా. నిన్న లెక్కలాయన పోతే నాకేమీ అర్థం కాలేదు, ఒక్క చిటికెడుకి మనిషి చచ్చిపోతాడా అని... నీలం వాళ్ళకి ఎక్కువ రావాలి కదా అన్నయ్యా. అప్పుడే కదా నువ్వు రాసింది నిజమయ్యేది. నిన్ను చూసి అందరూ నవ్వుతుంటే నేను చూడలేకపోయాను."

టీ పిన్ని జనాన్ని తోసుకుంటూ వచ్చి దర్జీ రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. "తాగావా అన్నయ్యా? నిజం చెప్పు, తాగావా?" అంటోంది. అతను తల అడ్డంగా ఊపుతుంటే నమ్మలేక మళ్ళీ అడుగుతోంది.

బావమరిది హెడ్ నర్సు భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ అతన్ని పట్టించుకోలేదు. అన్నయ్య ఒక్క మాట అంటాడేమోనని, తిట్టయినా తిడతాడేమోనని ఆయన మొహంలోకే చూస్తోంది. పెద్ద డాక్టరు మాత్రం చెల్లెలి చేతుల్లోంచి మణికట్టు మెల్లగా విడిపించుకుని నా వైపు తిరిగాడు.

"అయితే ఇన్నేళ్ళలో ఈ హాల్లో టీ తాగనివాళ్ళు ఒక్కరు కూడా లేరా?" అని అడిగాడు.